గళ్ల వెనక మా నాన్న

మా నాన్న సినిమాలో నటించాడు!

ఏ సినిమా, ఏ వేషం అని వెంటనే అడగకండి. సినిమా పేరు రాస్తే ఆయన ఊరుకోడు. వేషం అంటారా... రథం లాగే జనంలో ఒకడు. 1980ల్లో ఓ కంపెనీ వాళ్లు రాజమండ్రి దగ్గర గోదావరి ఒడ్డున తీర్థం సీను తీశారు. మూడొందల మంది జనం కావాలన్నారు. నాన్న సైకిలు షాపుకి తాళం వేసి వెళ్లాడు. వాళ్లు ఓ పదిమందికి పసుప్పచ్చ తలగుడ్డలు పంచారు. అందులో ఒకటి నాన్నకి దక్కింది. పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా తాడు పట్టుకుని లాగాడు. కూలి ఇచ్చారు, పులిహోర పొట్లం ఇచ్చారు. తెర మీద ఆ షాటు ఉండేది గట్టిగా రెండు సెకన్లు!

ఆ రెండు సెకన్ల కోసం మా అమ్మ ఆ సినిమాకి నాలుగుసార్లు వెళ్లిందట. "అదిగో పసుప్పచ్చ తలగుడ్డ!" అని పక్కవాళ్లకి చూపించేసరికి షాటు అయిపోయేదట.

నేను మాత్రం 2001 దాకా ఆ సినిమా చూడలేదు. ఆ ఏడు బజారులో దాని వి.సి.డి. దొరికింది. మూడు డిస్కులు. శనివారం రాత్రి ప్లేయరు అద్దెకి తెచ్చాను. ఇంటిల్లిపాదీ కూర్చున్నాం. పక్కింటివాళ్లు కూడా వచ్చారు. రెండో డిస్కులో రథం వచ్చింది, జనం వచ్చారు. "అదిగో!" అంది అమ్మ.

ఏదీ? తెర నిండా గళ్లు! రథం మీద కదలకుండా నిలబడ్డ హీరోగారు బాగానే ఉన్నారు. కింద తాడు లాగుతున్న జనమంతా ముగ్గు మీద నీళ్లు చల్లినట్టు చెదిరిపోయారు. మధ్యలో ఒక పసుప్పచ్చ గడి మాత్రం అటూ ఇటూ ఊగింది. "అదేరా మీ నాన్న" అంది అమ్మ, కాస్త చిన్నబుచ్చుకుని.

ఆ రాత్రి నుంచి నాకు ఒకటే ప్రశ్న. మా నాన్న ముఖాన్ని ఎవరు పారేశారు? ఎందుకు పారేశారు? జవాబు వెతుక్కుంటూ వెళితే అది ఏ డిస్కుల కొట్టు దగ్గరా ఆగలేదు. జెనీవా దాకా వెళ్లింది!

సినిమా బరువెంత?

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. భయపడకండి, ఎక్కాలు వస్తే చాలు.

రెండున్నర గంటల సినిమా. సెకనుకి 24 ఫ్రేములు. మొత్తం 2,16,000 ఫ్రేములు. పాతరోజుల్లో అయితే 13,500 అడుగుల ఫిల్ము. రేకు డబ్బాల్లో పెట్టి, బస్సు మీదో రైల్లోనో ఊరూరా తిప్పేవారు.

అదే సినిమాని ఇప్పుడు అంకెల్లోకి మార్చండి. హెచ్.డి. ఫ్రేములో అడ్డంగా 1,920 చుక్కలు, నిలువుగా 1,080. అంటే ఒక్క ఫ్రేములో ఇరవై లక్షలపైన చుక్కలు. ఒక్కో చుక్కకి ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని మూడు బైట్లు. ఫ్రేముకి 62 లక్షల బైట్లు. సినిమా మొత్తానికి ఇంచుమించు 1,340 గిగాబైట్లు! రోజుకి ఒకటిన్నర గిగాబైట్ల ప్యాకు వేసుకునే కుర్రాడు ఒక్క సినిమా చూడాలంటే దాదాపు రెండున్నరేళ్లు పడుతుంది. ఇంటర్వెల్ వచ్చేసరికే ఏడాది దాటిపోతుంది!

మరి మనం బస్సులో కూర్చుని, అరచేతిలో, అదే సినిమాని హాయిగా చూసేస్తున్నామే! అదెలా? కుదించి పంపుతున్నారు కాబట్టి. నూట ఇరవయ్యో వంతుకి కుదించినా మామూలు కంటికి తేడా పెద్దగా తెలియదు.

ఎలా కుదిస్తారు?

నాతో చదువుకున్న మిత్రుడు ఒకడు హైదరాబాదులో చిప్పులు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. వీడియో కుదించడమే వాడి ఉద్యోగం. అమీర్‌పేటలో టీ తాగుతూ పట్టుకున్నాను.

"ఒరేయ్, అసిస్టెంట్ డైరెక్టరు కంటిన్యుటీ ఎలా రాసుకుంటాడు?" అని ఎదురు ప్రశ్న వేశాడు.

"ముందు షాటులో ఏమేం ఉన్నాయో రాసుకుంటాడు. తరువాత షాటులో ఏం మారిందో చూసుకుంటాడు."

"అంతే! మేం చేసేదీ అదే" అన్నాడు.

మొదటి ఫ్రేముని పూర్తిగా రాస్తారు. తరువాత ఫ్రేములో గోడ అలాగే ఉంది, కుర్చీ అలాగే ఉంది, హీరోయిన్ చెయ్యి మాత్రం కాస్త పక్కకి జరిగింది. అప్పుడు ఫ్రేమంతా మళ్లీ రాయడం ఎందుకు? "ఈ ముక్క ఎడమకి ఐదు చుక్కలు జరిగింది" అని ఒక్క ముక్కలో రాస్తే సరి! ఊహించినదానికీ, నిజంగా ఉన్నదానికీ మధ్య మిగిలిన కాస్త తేడాని మాత్రం విడిగా రాసి పంపుతారు.

రెండో కిటుకు మన కంటి మీద ఆధారపడింది. మన కన్ను వెలుగునీడల్ని పసిగట్టినంత సూక్ష్మంగా రంగుల్ని పసిగట్టలేదు. అందుకని వెలుగుని ప్రతి చుక్కకీ రాసి, రంగుని మాత్రం నాలుగు చుక్కలకి కలిపి ఒకసారి రాస్తారు. ఆ ఒక్క దెబ్బతో సగం బరువు తగ్గిపోతుంది!

మూడోది అసలైన కిటుకు. బొమ్మని చిన్న చిన్న గళ్లుగా కోస్తారు. వి.సి.డి. కాలంలో అయితే 8 చుక్కలు అడ్డం, 8 చుక్కలు నిలువు. ఒక్కో గడిలో నెమ్మదిగా మారే ఛాయలు ఎన్ని, సన్నసన్నటి గీతలు ఎన్ని అని వేరుచేస్తారు. ఇక తూర్పారబట్టడమే. కళ్లంలో గాలికి ఎత్తిపోస్తే గింజ కింద పడి పొల్లు ఎగిరిపోయినట్టు, కన్ను పెద్దగా పట్టించుకోని సన్న వివరాలు ఎగిరిపోతాయి. గాలి మెల్లగా వీస్తే పొల్లే పోతుంది. గట్టిగా వీస్తే? గింజలూ పోతాయి!

మా నాన్న సంగతి నాకు అక్కడ అర్థమైంది. వి.సి.డి.లో బొమ్మకి సెకనుకి 11.5 లక్షల బిట్లే ఇస్తారు. కుదించని బొమ్మ అయితే అదే సైజుకి మూడు కోట్లపైన కావాలి. హీరోగారు కదలకుండా నిలబడితే ఆ కాసిని బిట్లూ సరిపోతాయి. మూడొందల మంది ఒకేసారి కదిలితే? ఎవడు ఎటు జరిగాడో ఊహించడం కుదరదు. రాయాల్సింది కొండంత, ఉన్న చోటు గోరంత. అప్పుడు యంత్రం గాలి జోరు పెంచుతుంది. వివరాలు పోతాయి. గడి గడికీ ఒక రంగు మిగులుతుంది.

ఎవరూ పగబట్టి పారెయ్యలేదన్నమాట. జనంలో ఒకడు కావడమే ఆయన నేరం!

రావుగారు మనకేమవుతారు?

గడిలోని వివరాల్ని అలా వేరుచేసే లెక్కకి ఒక పేరుంది. డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్. పొట్టిగా డి.సి.టి. దీన్ని కనిపెట్టినవాళ్లు ముగ్గురు. నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు. ముగ్గురివీ మన దేశపు పేర్లే!

నసీర్ అహ్మద్ బెంగుళూరులో పుట్టి అమెరికాలో కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవారు. 1972లో ఈ ఆలోచన వచ్చి, పరిశోధనకి డబ్బు ఇమ్మని అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ని అడిగారు. వాళ్లు కాదన్నారు. ఆయన మానలేదు. తన శిష్యుడు నటరాజన్‌తోను, టెక్సాస్‌లో ఆర్లింగ్టన్‌లో పనిచేస్తున్న మిత్రుడు రావుగారితోను కలిసి పని పూర్తిచేశారు. 1974 జనవరిలో ఒక పత్రికలో వ్యాసం వచ్చింది. ఎన్ని పేజీలనుకున్నారు? నాలుగే నాలుగు!

ఆ రావుగారి పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. ఇంటిపేరు చూశారుగా! మద్రాసు విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివి అమెరికా వెళ్లారు. 1966 నుంచి ఆర్లింగ్టన్‌లోనే పాఠాలు చెప్పారు. 2021 జనవరిలో కన్నుమూశారు. మనం ఫోటో తీసినా, సినిమా చూసినా, ఆ నాలుగు పేజీల లెక్క ఎక్కడో ఒకచోట పనిచేస్తూనే ఉంటుంది. హీరోల పుట్టినరోజుల తేదీలు కంఠతా చెప్పే మనకి ఈయన పేరు తెలియకపోవడం అన్యాయం కదూ? అన్నట్టు, నసీర్ అహ్మద్‌గారి కథని మాత్రం 2021లో "దిస్ ఈజ్ అస్" అనే అమెరికన్ టి.వి. సీరియల్లో చూపించారు.

ప్రమాణం అంటే ఒట్టు

కుదించే కిటుకు తెలిసినంత మాత్రాన సరిపోదు. నేను ఒక పద్ధతిలో కట్టి పంపిన మూటని మీరు ఇంకో పద్ధతిలో విప్పితే లోపల ఉన్నది అర్థం కాదు. అందుకే అందరికీ ఒకే పద్ధతి కావాలి.

సినిమావాళ్లకి ఇది కొత్త కాదు. 1909లో పారిస్‌లో నిర్మాతలంతా కూర్చుని, ఫిల్ము వెడల్పు 35 మిల్లీమీటర్లు, ఫ్రేముకి నాలుగేసి రంధ్రాలు అని ఒప్పుకున్నారు. ఆ ఒప్పందం పుణ్యమే, ఎక్కడో తయారైన ప్రొజెక్టరులో మన తెనాలి థియేటరువాడు ఏ దేశపు రీలైనా ఎక్కించగలిగాడు.

వీడియోకి ఆ పనిచేసేవి రెండు సంస్థలు. జెనీవాలోని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఒకటి. ఎంపెగ్ అనే నిపుణుల బృందం రెండోది. 1988లో ఇటలీకి చెందిన లియొనార్డో కియారిలియోనె, జపాన్‌కి చెందిన హిరోషి యసుదా కలిసి ఎంపెగ్‌ని మొదలుపెట్టారు. కంపెనీల ఇంజనీర్లు, ప్రొఫెసర్లు దేశదేశాల నుంచి వచ్చి కూర్చుంటారు. మన భాషలో ప్రమాణం అంటే కొలమానం, ఒట్టు కూడా! వాళ్లు రాసేదానికి ఆ రెండు అర్థాలూ సరిపోతాయి.

ఇందులో ఒక చమత్కారం ఉంది. ప్రమాణంలో మూట విప్పే పద్ధతి మాత్రమే రాస్తారు. కట్టే పద్ధతి ఎవరిష్టం వాళ్లది! ఎవరు నేర్పుగా కడితే వాళ్ల బొమ్మ బాగుంటుంది. అందుకే ఒకే రకం వి.సి.డి.లలో ఒక కంపెనీది శుభ్రంగా ఉండేది, ఇంకోదాంట్లో మా నాన్న కరిగిపోయేవాడు.

1988లో హెచ్.261 వచ్చింది. అది వీడియో ఫోన్ల కోసం. 1993లో ఎంపెగ్-1 వచ్చింది. మన వి.సి.డి.లు దానివే, మనం వేలకొద్దీ పాటలు పోగేసుకున్న ఎం.పి.3 కూడా దానిలోదే. తరువాత ఎంపెగ్-2. డి.వి.డి.లు, డిజిటల్ టి.వి. దాని సంతానం. 2003లో హెచ్.264 వచ్చి రాజ్యమేలింది. సినిమావాళ్లు కాకపోయినా ఆ బృందానికి 2008లో ఎమ్మీ అవార్డు కూడా ఇచ్చారు! 2013లో హెచ్.265, 2020లో హెచ్.266. కొత్తగా వచ్చిన ప్రతిదానికీ లక్ష్యం ఒకటే. బొమ్మ చెడకూడదు, బరువు మాత్రం సగం కావాలి.

పోటీ ఎలా జరుగుతుంది?

ఇంతకీ కొత్త ప్రమాణం ఎలా పుడుతుంది? ఎవరో ఒక మేధావి గదిలో కూర్చుని రాస్తాడనుకుంటే పొరపాటు. ఇది అచ్చం కొత్తవాళ్లతో తీసే సినిమా లాంటిది. ముందు "మీ దగ్గరున్న గొప్ప పద్ధతులు తీసుకురండి" అని ప్రకటన ఇస్తారు. అందరికీ ఒకే వీడియో ముక్కలు ఇస్తారు. ఎన్ని బిట్లలో కుదించాలో కూడా వాళ్లే చెబుతారు.

హెచ్.265 కోసం ఇలా పిలిస్తే 27 ప్రతిపాదనలు వచ్చాయి. 2010 ఏప్రిల్లో జర్మనీలోని డ్రెస్డెన్ ఊళ్లో అందరూ సమావేశమయ్యారు. మరి వాటిలో ఏది బాగుందో తేల్చిందెవరు? కంప్యూటరు కాదు. మీలాంటి నాలాంటి ప్రేక్షకులు! మూడు ప్రయోగశాలల్లో 850 మంది దాకా కూర్చుని చూసి మార్కులు వేశారు.

ఆ పరీక్ష చూడముచ్చటగా ఉంటుంది. ముందు కళ్లు సరిగ్గా ఉన్నాయా, రంగులు తెలుస్తున్నాయా అని చూస్తారు. మసక వెలుతురు గది, బూడిదరంగు గోడ. పది సెకన్ల ముక్క వేస్తారు. మొదట అసలు బొమ్మ, వెంటనే కుదించిన బొమ్మ. ఎంత చెడిందో మార్కు వెయ్యాలి. మళ్లీ ఇంకోటి, మళ్లీ ఇంకోటి. ఇంటర్వెల్లో సమోసా ఉంటుందో లేదో మాత్రం నాకు తెలియదు!

మార్కులు వచ్చాక మొదటివాడికి మాల వేసి మిగతావాళ్లని ఇంటికి పంపరు. ఒకడి దగ్గర కదలికల్ని ఊహించే పద్ధతి బాగుంటుంది. ఇంకొకడి దగ్గర గళ్ల అంచుల్ని నునుపు చేసే పద్ధతి బాగుంటుంది. మంచివన్నీ ఏరి ఒకటిగా కలుపుతారు. అక్కడి నుంచి ఏళ్లతరబడి పరీక్షలే. "నా కిటుకు చేరిస్తే ఒక శాతం ఆదా" అని ఒకడంటాడు. అయితే నీ లెక్క నువ్వు చెబితే చాలదు. వేరే కంపెనీవాడు, ఒక్కోసారి నీకు పోటీగా ఉన్నవాడే, నీ ప్రోగ్రాము నడిపి, అవును నిజమేనని చెప్పాలి! ఆదా ఎంతో, దానికి యంత్రం పడే కష్టం ఎంతో రెండూ తూస్తారు. అర శాతం కోసం అర్ధరాత్రి దాకా వాదించుకుంటారని మా మిత్రుడు చెప్పాడు.

గళ్లు కూడా అప్పటిలా లేవు. వి.సి.డి.లో పెద్ద గడి 16 చుక్కలది. హెచ్.265లో 64, హెచ్.266లో 128. నిండు నీలాకాశానికి ఒకే పెద్ద గడి. మనిషి ముఖం వచ్చేసరికి దాన్ని చిన్న చిన్న ముక్కలుగా చీలుస్తారు. హెచ్.266 పని 2018 ఏప్రిల్లో అమెరికాలో శాన్ డియాగోలో పోటీతో మొదలైంది. మధ్యలో కోవిడ్ వచ్చింది. 2020లో చివరి సమావేశం ఎవరిళ్లలో వాళ్లు కూర్చుని, కంప్యూటరు తెరల మీదే జరిగింది. వీడియో ప్రమాణం వీడియో మీదే పూర్తయిందన్నమాట! హెచ్.265లో 10 గిగాబైట్లు పట్టే గంటన్నర అల్ట్రా హెచ్.డి. బొమ్మ ఇందులో 5 గిగాబైట్లకి వస్తుందని బెర్లిన్‌లోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ ఆ జూలైలో ప్రకటించింది.

ఎవరికీ తెలియని స్టార్లు

సినిమా పత్రిక కదా, తారల గురించి చెప్పకపోతే ఎలా? ఈ లోకానికీ స్టార్లున్నారు. తెల్ల టోపీ పెట్టుకుని కెమెరా దగ్గరికి ముఖం తెచ్చి మాట్లాడే మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. ఆ ముక్క పేరు "ఫోర్‌మన్". వార్తలు చదివే జపాన్ అమ్మాయి ముక్క "అకియో". బొమ్మ రైలు, వెనక క్యాలెండరు ఉన్న ముక్క ఇంకోటి. హెచ్.265 కాలంలో "కిమోనో" అని చెట్ల పక్కన నడిచే ఒకావిడ, "బాస్కెట్‌బాల్ డ్రైవ్" అని ఆటగాళ్లు. ఇవన్నీ కొన్ని సెకన్ల ముక్కలు. ప్రపంచంలో ఏ సూపర్ స్టార్ సినిమానీ ఇన్నిసార్లు తిప్పి తిప్పి చూసి ఉండరు!

నేను చదివిన జాబితాల్లో మన రథోత్సవం లాంటిది కనిపించలేదు. వాన పాట, హోలీ రంగులు, సుమోలు లేపే దుమ్ము, తెర నిండా డాన్సర్లు... ఇవే కుదించడానికి అన్నిటికన్నా కష్టమైనవి. మన సినిమాలో ఉండేవన్నీ ఇవే! పరీక్షపత్రంలో మన పాఠం రాకపోతే మన మార్కులు ఏమవుతాయి? ఈ మాట మిత్రుడితో అన్నాను. వాడు నవ్వి, "ముక్కలు ఇస్తామంటే వద్దనరు. ఇచ్చేవాళ్లు కావాలి" అన్నాడు. కుర్రకారులో ఎవరైనా వింటున్నారా?

డబ్బు మాట

ఇంత కష్టపడ్డవాళ్లు ఊరికే ఇస్తారా? ప్రమాణంలో చేరిన ఒక్కో కిటుకు మీదా ఎవరిదో ఒకరిది పేటెంటు ఉంటుంది. వాడుకున్నవాళ్లు రుసుము కట్టాలి. అది న్యాయంగా, అందరికీ ఒకేలా ఉండాలని నియమం. హెచ్.264 దాకా బండి బాగానే నడిచింది. హెచ్.265కి వచ్చేసరికి హక్కుదారులు మూడు గుంపులుగా విడిపోయారు. ఎవరికెంత కట్టాలో తెలియక చాలామంది వెనకాడారు. ఒక సినిమాకి ముగ్గురు ప్రొడ్యూసర్లు, ముగ్గురికీ మూడు లెక్కలు ఉంటే రిలీజు ఎంత సజావుగా జరుగుతుందో మీకు తెలియనిదా?

దాంతో గూగుల్, నెట్‌ఫ్లిక్స్, అమెజాన్ లాంటి పెద్దలు కలిసి 2015లో వేరు కుంపటి పెట్టారు. రుసుము లేని పద్ధతి తయారుచేస్తామన్నారు. 2018లో ఎ.వి.1 వచ్చింది. ఇప్పుడు మీ ఫోనులో ఏ సినిమా ఏ పద్ధతిలో వస్తోందో మీకు తెలియదు. ఫోనుకి తెలుసు. పాతవి మాత్రం అంత తొందరగా పోవు. ఊళ్లలో పైకప్పుల మీద గొడుగులున్నాయి, ఇళ్లలో పాత సెట్‌టాప్ బాక్సులున్నాయి. దూరదర్శన్ వారి ఫ్రీ డిష్‌లో ఎంపెగ్-2 అందుకే ఇంతకాలం బతికింది. ఒట్టు వేసుకున్నాక తప్పడం అంత తేలిక కాదు!

ఊహించిన ముఖం

హెచ్.266 తరువాత ఏమిటి? ఆ వేట 2021 నుంచే మొదలైంది. ప్రయోగాల కోసం ఒక ప్రోగ్రాము పెట్టుకుని కొత్త కిటుకులు చేర్చి చూస్తున్నారు. కృత్రిమ మేధ సాయం కూడా తీసుకుని పరీక్షిస్తున్నారు. పోయిన వివరాన్ని అది ఊహించి సరిదిద్దుతుంది.

ఇక్కడే నాకు గుబులు పట్టుకుంది. ఎందుకో చెబుతాను. ఆ మధ్య పాత బొమ్మల్ని శుభ్రం చేసే యాప్ ఒకటి దొరికితే, మా వి.సి.డి.లోని ఆ ఫ్రేముని అందులో వేశాను. క్షణంలో గళ్లు పోయాయి. ముఖం వచ్చింది! నున్నటి బుగ్గలు, తీర్చిన మీసం, చక్కటి పళ్లు. పరుగెత్తుకెళ్లి అమ్మకి చూపించాను.

"ఎవరురా ఈ అబ్బాయి?" అంది అమ్మ.

అది ఎవరి ముఖమూ కాదు. యంత్రం అల్లిన ముఖం. పారేసిన చోట ఖాళీగా గడి కనిపిస్తే, ఇక్కడ ఏదో పోయిందని మనకి తెలుస్తుంది. ఖాళీని అందమైన అబద్ధంతో నింపేస్తే పోయిన సంగతే తెలియదు. ప్రమాణం రాసేవాళ్లు యాప్ చేసేవాళ్లలా తొందరపడరు, ప్రతి కిటుకునీ అసలు బొమ్మతో పోల్చి చూస్తారు. ఆ మాట నిజమే. కానీ జనంలో ఒకడి ముఖాన్ని ఉంచాలా, పారెయ్యాలా, ఊహించాలా అన్నది లెక్కల ప్రశ్న ఒక్కటే కాదనిపించింది నాకు.

రెండు సెకన్లు మళ్లీ వచ్చాయి

2023లో ఆ సినిమా హక్కులున్నవాళ్లు నెగెటివుని కొత్తగా స్కాన్ చేయించి యూట్యూబులో పెట్టారు. నాకు తెలియగానే రాజమండ్రి వెళ్లాను. నాన్నకి డెబ్భై దాటాయి. కళ్లజోడు తుడుచుకుని కూర్చున్నాడు. అమ్మ పక్కన కూర్చుంది. రథం వచ్చింది. ఆపాను.

గళ్లు లేవు! తాడు పురులు కనిపిస్తున్నాయి. ఒక్కొక్కళ్ల చెమట కనిపిస్తోంది. మధ్యలో పసుప్పచ్చ తలగుడ్డ... అమ్మ ఇన్నాళ్లూ చూపించిన మనిషి. నాన్న ఫోను దగ్గరికి తెచ్చుకుని చూశాడు. వెనక్కి పెట్టాడు. మళ్లీ చూశాడు.

"ఇది నేను కాదే! మన కొబ్బరికాయల కొట్టాయన!" అన్నాడు.

అమ్మకి నోట మాట రాలేదు. "అయితే నాలుగుసార్లు టిక్కెట్టు కొని నేను మురిసిపోయింది ఎవర్ని చూసి?" అంది. ఇంట్లో నవ్వులే నవ్వులు! నాన్నని వెతికితే ఎడమపక్కన, రెండు తలల అవతల దొరికాడు. నోరు తెరుచుకుని నేరుగా కెమెరా వంక చూస్తున్నాడు. "కెమెరా వంక చూడొద్దని డైరెక్టరుగారు మైకులో అరుస్తూనే ఉన్నార్రా" అని సిగ్గుపడ్డాడు. ఎడిటరుగారి కంట పడి ఉంటే ఆ షాటే ఎగిరిపోయేది.

కాసేపటికి నాన్న నవ్వడం ఆపాడు. కొబ్బరికాయల కొట్టాయన పోయి పదేళ్లయింది. కొడుకు కువైట్‌లో ఉన్నాడు. "వాడికి పంపరా" అన్నాడు.

ఆ రెండు సెకన్లు కత్తిరించాను. ఫోనులో మామూలుగా పంపితే అది మళ్లీ కుదించేస్తుంది. అందుకని వీడియోగా కాకుండా ఫైలుగా పంపాను. కాసేపటికి జవాబు వచ్చింది.

"తలగుడ్డ ముడి కుడిచెవి మీదికి వేసుకునేది మా నాన్న ఒక్కడేనన్నా. ఇంకా పెద్ద సైజుది ఉంటే పంపు."

ఉన్నదాంట్లో అదే పెద్దది. తరువాతి ప్రమాణం కోసం నేనూ, కువైట్‌లో అతనూ ఎదురు చూస్తున్నాం.